బాబాయి కట్లాస్‌కి కొత్త టాపు

మా బాబాయి తన జీవితంలో అవసరం లేకపోయినా డబ్బు పోసి కొన్న వస్తువు, నాకు తెలిసి, ఒక్కటే. 1976లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, లాన్సింగ్‌లో కొత్తగా కొన్న ఓల్డ్స్‌మొబైల్ కట్లాస్ సుప్రీమ్ బ్రోమ్ కారు పైకప్పు మీద అతికించిన తెల్ల వినైల్. కారు అవసరమే. మిషిగన్‌లో ఆ మంచులో, ఆ దూరాల్లో కారు లేకపోతే ఉప్పూ పప్పూ కూడా ఇంటికి రావు. కానీ ఉక్కు కప్పు మీద రెక్సిన్ లాంటి గుడ్డ పరిచి అతికించాల్సిన పనేముంది? వాన ఆపేది ఉక్కే, చలి ఆపేది హీటరే, ఆ గుడ్డ చూడ్డానికి మాత్రమే. దానికి అదనంగా వంద డాలర్ల పైచిలుకు కట్టాడట. అప్పటికి బాబాయి నెలనెలా తెనాలికి డబ్బు పంపుతున్నాడు. మా మేనత్తలిద్దరి పెళ్లిళ్లు ఆ డబ్బుతోనే అయ్యాయి, పొలం మీద అప్పు ఆ డబ్బుతోనే తీరింది. తను మాత్రం ఏళ్ల తరబడి ఒకే చలికోటుతో గడిపాడని పిన్ని ఇప్పటికీ చెబుతుంది. అలాంటి మనిషి ఆ వినైల్ ఎందుకు వేయించుకున్నాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, పిన్నికి కూడా. పాత టాపు పీకి కొత్తది వేయించిన వేసవిలో, 2018లో, తెలిసింది. ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

ముందు కారు గురించి చెప్పాలి. ఓల్డ్స్‌మొబైల్ అంటే లాన్సింగ్ వాళ్లకి సొంత ఊరి కారు. రాన్సమ్ ఓల్డ్స్ 1897లో అక్కడే కంపెనీ పెట్టాడు. బాబాయి కొన్న రోజుల్లో కారు బాడీలు వెర్లిండెన్ వీధిలోని ఫిషర్ బాడీ ఫ్యాక్టరీలో తయారై, లారీల మీద ఊళ్లోంచే మెయిన్ ప్లాంటుకి వెళ్లేవి. రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడితే ఇంకా చక్రాలు కూడా లేని బాడీలు ఎదురుగా పోతుండేవని బాబాయి చెప్పేవాడు. 1976లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు పేరు కట్లాస్. ముందు నాలుగు చదరపు లైట్లు, జలపాతంలా కిందికి దిగే గ్రిల్లు, రెండే తలుపులు, 17 అడుగులకు పైన పొడవు, 350 రాకెట్ వి8 ఇంజను. మా కారు ముదురెరుపు, పైన తెల్ల టాపు, లోపల అదే ముదురెరుపు వెలూర్ (మఖమల్ లాంటి గుడ్డ) సీట్లు. బ్రోమ్ అన్న పేరు ఆ సీట్లకే వచ్చింది అనుకోవచ్చు, దిండ్లు పేర్చినట్టు ఉబ్బెత్తుగా, గుండీలు నొక్కి కుట్టిన సీట్లు. అందులో కూర్చుంటే లేవబుద్ధి కాదు.

బాబాయి 1971లో ఈస్ట్ లాన్సింగ్‌లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి ఎమ్మెస్ చేయడానికి వచ్చాడు. 1965 చట్టంతో ఇంజనీర్లకీ డాక్టర్లకీ అమెరికా తలుపులు తెరుచుకున్నాక మన కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మొదటి తరం వాళ్లలో ఒకడు. చదువయ్యాక అక్కడే ప్రభుత్వోద్యోగం, తర్వాత పిన్ని రావడం, పిల్లలు. అప్పట్లో లాన్సింగ్‌లో మన వంట సరుకులు దొరికేవి కావు. కందిపప్పుకీ చింతపండుకీ షికాగో డెవాన్ అవెన్యూకి పోవాల్సిందే. పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు 1974లో తెరిచింది అక్కడే. పోనురాను 400 మైళ్ల పైన. పెట్రోలు సంక్షోభం తర్వాత 1974 నుంచి హైవే మీద గంటకి 55 మైళ్లు దాటకూడదని దేశమంతటా చట్టం ఉండేది, బాబాయి 54 దాటేవాడు కాదు, కాబట్టి ఆ ప్రయాణం ఒక రోజు పండగ. పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వర స్వామి గుడి వచ్చాక అటు కూడా మొదలైంది. అది ఇంకా దూరం, ఒకవైపే దాదాపు 350 మైళ్లు. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపి, స్టీలు డబ్బాల్లో సర్ది, పిల్లల్ని నిద్రలోనే ఎత్తుకెళ్లి వెనక సీట్లో పడుకోబెట్టేవాళ్లు. రెండు తలుపుల కారు కదా, ముందు సీటు మడిచి పిల్లల్ని వెనక్కి చేర్చడం అదొక విద్య అని పిన్ని అంటుంది.

నేను వచ్చింది 1998లో. చదువుకున్నంత కాలం వాళ్లింట్లోనే ఉన్నాను. అప్పటికే ఇంట్లో వేరే కార్లు ఉన్నా ఆదివారం మాత్రం కట్లాస్ బయటికి వచ్చేది. నేను అమెరికాలో డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. ఇంత పొడుగు ముక్కు ఎక్కడ ముగుస్తుందో తెలియక నేను బిగుసుకుపోతే బాబాయి పక్కన కూర్చుని, "టెన్షన్ పడకమ్మా, అది నీకంటే పెద్దది, దాని దారి దానికి తెలుసు" అనేవాడు. వేసవిలో ఎండలో నిలిపిన కారు తలుపు తెరిస్తే వచ్చే వాసన నాకు ఇప్పటికీ గుర్తే. వేడెక్కిన వినైల్, పాత స్పాంజి, కొంచెం పెట్రోలు, కొంచెం అగరొత్తి. డాష్‌బోర్డు మీద చిన్న వేంకటేశ్వరుడి బొమ్మ, దాని ముందు ఎప్పుడూ ఒక అగరొత్తి ముక్క.

తర్వాత నేను ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిపోయాను. 2004 ఏప్రిల్‌లో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీనే మూసేశారు. చివరి కారు అలేరో, అది కూడా లాన్సింగ్‌లోనే తయారైంది. ఆ రోజు బాబాయి ఫోన్ చేసి చాలాసేపు ఏవో వేరే విషయాలు మాట్లాడి, చివర్లో ఆ సంగతి చెప్పాడు. ఆ తర్వాత మోకాళ్ల నొప్పులు, పిన్నికి ఆపరేషను, కారు గరాజ్‌లో దుప్పటి కింద ఉండిపోయింది. ఏడాదికి ఒకటి రెండు సార్లు స్టార్ట్ చేసి ఆపేసేవాడు.

2018లో నేను వెళ్లి దుప్పటి తీసి చూస్తే కడుపులో దేవినట్టైంది. తెల్ల వినైల్ పసుపుబారి, కుట్ల పొడవునా పగిలిపోయింది. వెనకద్దం కింద అంచులో బొబ్బలు లేచాయి, వేలితో నొక్కితే కరకరమంటోంది. ఆ చప్పుడు తుప్పుది. లోపల పైకప్పు గుడ్డ ఊడి, కూర్చుంటే తలమీద పడుతోంది. దాని వెనక ఉండే పల్చటి స్పాంజి పొడైపోయి నారింజ రంగు బూడిదలా సీట్లన్నిటి మీదా రాలి ఉంది. డాష్‌బోర్డు మీద మూడు చోట్ల పగుళ్లు. డ్రైవర్ సీటు ఎడమ అంచు చిరిగి గోనెపట్ట కనిపిస్తోంది. ట్రంకులో స్పేర్ టైరు గుంటలో నీళ్లు.

వినైల్ టాపుకి ఉన్న రోగమే అది. పైనుంచి చూస్తే గుడ్డ బాగానే ఉన్నట్టు ఉంటుంది, చిన్న పగులు పడితే చాలు, నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. గుడ్డ తడి పట్టుకుని ఉక్కుని నెమ్మదిగా తినేస్తుంది. అద్దాల చుట్టూ ఉండే మెరుపు పట్టీల కింద ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ పట్టీల క్లిప్పులు బాడీకి వెల్డ్ చేసిన చిన్న మేకుల మీద నిలుస్తాయి, ప్రతి మేకు చుట్టూ తుప్పు మొదలవుతుంది. పైగా మిషిగన్. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు గురించి చెప్పక్కర్లేదు, డెట్రాయిట్ నగరం కిందే వెయ్యి అడుగుల పైన లోతులో ఉప్పు గనులున్నాయి, ఆ రాష్ట్రంలో ఉప్పుకి కరువే లేదు.

మా తమ్ముడు (బాబాయి కొడుకు) చెప్పిన సలహా చాలామంది చేసేదే. వినైల్ పీకేసి, తుప్పు బాగుచేసి, కప్పుకి కూడా ఎర్ర రంగు కొట్టేద్దాం, ఇక జీవితాంతం బాధ లేదు అని. సలహాలో తప్పేం లేదు. ఖర్చు తక్కువ, తడి చేరే భయం ఉండదు. బాబాయి వింటూ కూర్చుని, "టాపు లేకపోతే వద్దు. అలాగే ఉండనీండి" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. పిన్ని నావైపు చూసింది. నేను టాపు వేయిద్దామన్నాను.

టాపు వేసే మనిషిని వెతకడమే సగం పని. ఈ పని తెలిసినవాళ్లు తగ్గిపోయారు. 1962లో ఫోర్డ్ థండర్‌బర్డ్ లాండో వినైల్ టాపుతో వచ్చి ఆ మోజుని జనంలోకి తెచ్చింది, 70ల్లో పెద్ద కార్లలో సగం వాటికి ఆ గుడ్డ ఉన్నట్టే కనిపించేది, తర్వాత కార్ల ఆకారాలు నున్నగా మారి ఆ మోజు మెల్లగా పోయింది. మోజుతో పాటు పనివాళ్లూ పోయారు. 90ల్లో ఒక షాపువాళ్లు వెనకద్దం కింద తుప్పు బాగుచేశామని డబ్బు తీసుకున్నారట, మేం గుడ్డ పీకి చూస్తే తుప్పు మీదే పుట్టీ పూసి, పైన మళ్లీ గుడ్డ అతికించేశారు. ఇరవై ఏళ్లు ఆ పుట్టీ కింద తుప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంది. నాకు ఇప్పటికీ కోపమొస్తుంది, కనపడని చోట చేసే పనిలోనే మనిషి నిజాయితీ తెలిసేది.

చివరికి దొరికిన ఆయన ఒక పెద్దమనిషి. ఒకప్పుడు ఫిషర్ బాడీలో, అదే వెర్లిండెన్ వీధి ప్లాంటులో, ట్రిమ్ లైనులో (సీట్లూ టాపులూ బిగించే వరుసలో) పనిచేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక షెడ్డులో తనకి నచ్చిన కార్లకే సీట్లూ టాపులూ చేస్తాడు. మా కారు చూసి, చుట్టూ తిరిగి, "ఇది మా చేతుల మీదుగానే పోయి ఉంటుంది" అన్నాడు. బాబాయి మొహం అప్పుడు చూడాలి. ఇద్దరూ ఆ ప్లాంటు గురించి మాట్లాడుకుంటూ ఉండిపోయారు, అప్పటికి అక్కడ ఏమీ మిగల్లేదు, ఖాళీ స్థలం. పనికి నన్ను కూడా రానిస్తానని ఒప్పుకున్నాడు, ఎందుకంటే నాకు కుట్టుపని వచ్చు. తెనాలిలో మా ఇంటి పక్కనే ఒక కుషన్ వర్క్స్ ఉండేది, రిక్షా టాపులూ జీపు సీట్లూ కుట్టేవాళ్లు, నేను స్కూలు నుంచి వచ్చాక సాయంత్రాలు ఆ అరుగు మీదే కూర్చునేదాన్ని. రెక్సిన్‌ని గుడ్డలా కుట్టకూడదు, కుట్టు దగ్గరదగ్గరగా పడితే కాగితంలా చిరుగుతుంది, దూరం కుట్లే వేయాలి అని ఆ తాత చెప్పింది నాకు మిషిగన్‌లో పనికొచ్చింది.

పని ఎలా జరిగిందో కొంచెం వివరంగానే రాస్తాను, ఎవరికైనా ఉపయోగపడొచ్చు. ముందు ముందద్దం, వెనకద్దం రెండూ తీయించాం. అద్దాలు తీయకుండా చేసేవాళ్లున్నారు, కానీ వినైల్ అంచు అద్దం గాడిలోకి మడిచి అతకాలి, అద్దం ఉండగా అది సరిగా కుదరదు, మళ్లీ నీళ్లు అక్కడినుంచే దిగుతాయి. తర్వాత పట్టీలు. కిటికీల పైన వాన గాడిని కప్పే స్టెయిన్‌లెస్ పట్టీలు, అద్దాల చుట్టూ ఉన్నవి, టాపు అంచు బాడీని కలిసే చోట ఉన్నవి. ఇవి ఒకసారి వంగితే మళ్లీ పూర్తిగా తిన్నగా రావు, కొత్తవి దొరకవు, అందుకని ఒక్కొక్కటి తీసి, ఏది ఎక్కడిదో టేపు మీద రాసి, గోడకి ఆనించి పెట్టాడు. టాపు అంచు పట్టీలకి లోపలినుంచి నట్లు ఉంటాయి, వాటికోసం ట్రంకులోకి దూరాల్సి వచ్చింది.

పాత వినైల్‌ని హీట్ గన్‌తో వేడి చేస్తూ ఒలిచాం. మధ్యలో సులభంగా వచ్చింది, అంచుల్లో ముక్కలుముక్కలుగా. కింద మెరిసే రంగు లేదు, ప్రైమరూ, అంచుల్లో పొగలా చల్లిన కాస్త ఎరుపూ, అంతే. గుడ్డ కప్పేస్తుంది కదా అని ఫ్యాక్టరీలో అక్కడ పైరంగు వేయలేదన్నమాట. "నాలుగు దశాబ్దాల తర్వాత ఎవరో ఇలా ఒలుస్తారని మాకేం తెలుసు" అన్నాడు ఆయన. జిగురు గీకడానికి ద్రావకం, ప్లాస్టిక్ గీకుడు, ఓపిక, ఈ మూడే. తుప్పు పట్టిన చోట కోసేసి 20 గేజీ రేకు ముక్కలు వెల్డ్ చేసే టింకరింగ్ పనికి వేరే అతను వచ్చాడు. వెనకద్దం కింద అంచు దాదాపు మొత్తం కొత్తదే వేయాల్సి వచ్చింది. దాని మీద ఎపాక్సీ ప్రైమర్, పుట్టీ పల్చగా, మళ్లీ ప్రైమర్, నీళ్లకాగితంతో రుద్దడం. ఈసారి కప్పంతటికీ పైరంగు కూడా వేయించాం, ఎవరికీ కనపడకపోయినా.

కొత్త వినైల్ ఎంచుకునేటప్పుడే బాబాయి నోరు విప్పాడు. పూర్తి టాపుల్లో మధ్య పలక, రెండు పక్క పలకలు కలిపి ముందునుంచి వెనక్కి రెండు పొడుగాటి కుట్లు వస్తాయి. దొరికిన వాటిలో ఒకటి వేడితో అతుకులు కలిపింది, కుట్టు లేదు, ధర తక్కువ. ఇంకోటి దారంతో కుట్టింది. నాకూ ఆ పెద్దాయనకీ రెండూ పర్లేదనిపించింది, నీళ్లు దిగే భయం అతుకు దాంట్లో ఇంకా తక్కువ కూడా. బాబాయి రెండు నమూనా ముక్కలూ తీసుకుని, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి, కుట్టు ఉన్నది చేతిలో పెట్టుకుని "ఇది" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వస్తూ కారులో చెప్పాడు, నేను అడగలేదు. తనకి ఏడెనిమిదేళ్లప్పుడు పక్క ఊరి మోతుబరికి ఒక గుడ్డటాపు కారు ఉండేదట. ఎండాకాలం టాపు వెనక్కి మడిచి, వానాకాలం లేపి తిరిగేవాడు. పిల్లలు వెంటపడి పరిగెత్తేవాళ్లు కానీ దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు, డ్రైవరు కర్ర పట్టుకుని ఉండేవాడు. తిరునాళ్ల రాత్రి ఆ కారు చెరువు గట్టు దగ్గర నిలిపి ఉంటే చీకట్లో వెళ్లి టాపు మీద చెయ్యి వేశాడు. మంచుకి తడిసి చల్లగా ఉంది, మధ్యలో లావుపాటి కుట్టు చేతికి తగిలింది. అంతే, ఎవరో వస్తున్న చప్పుడైతే పారిపోయి వచ్చాడు. 1976లో లాన్సింగ్ షోరూములో ఈ కారు టాపు మీద చెయ్యి వేస్తే అదే కుట్టు తగిలిందట. "అమ్మేవాడు పక్కనే నిలబడి ఉన్నాడే అమ్మాయ్, ఏమీ అనలేదు. ఇంకా చూడండి సార్ అన్నాడు."

వినైల్ టాపు పుట్టిందే గుడ్డటాపు కారులా కనపడడానికి. కుట్లు, గుడ్డ మీద ముడతల్లాంటి గీతలు, అంచున పట్టీ, అన్నీ మడిచే టాపుని గుర్తుచేయడానికి పెట్టినవే. నాకు తమాషాగా అనిపించేది ఇంకోటి ఉంది. బాబాయి కారు కొన్న ఆ 1976లోనే అమెరికాలో తయారయ్యే అసలు గుడ్డటాపు కార్లు ఆగిపోయాయి, క్యాడిలాక్ ఎల్డొరాడోని ఇక ఇదే చివరి కన్వర్టిబుల్ అని చెప్పి అమ్మారు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ వచ్చాయనుకోండి. కానీ ఆ ఏడు, ఆ ఊళ్లో, ఒక గవర్నమెంటు జీతగాడికి అందిన గుడ్డటాపు ఇదే. కారులో పక్కన కూర్చుని ఇదంతా వింటుంటే నాకు మాట రాలేదు. పిన్నికి నేనే చెప్పాను తర్వాత, ఆవిడ చాలాసేపు ఏమీ అనకుండా చిక్కుడుకాయలు వలుస్తూ ఉండి, "నలభై ఏళ్లు నాతో చెప్పకూడదూ" అంది.

టాపు అతికించిన రోజు ఎండ బాగా ఉంది. అలాంటి రోజు కోసమే ఆగాం, 70 ఫారెన్‌హీట్‌కి తక్కువుంటే వినైల్ సాగదు, జిగురు పట్టదు. గుడ్డని ముందే ఎండలో పరిచి మెత్తబరిచాం. కప్పు మీద ముందునుంచి వెనక్కి సరిగ్గా మధ్య గీత గీసి, గుడ్డ వెనకవైపు కూడా మధ్య గీత గీసి, రెండూ కలిపి పరిచి, కుట్లు రెండు పక్కలా సమానంగా ఉన్నాయా అని టేపుతో చాలా చోట్ల కొలిచాడు. ఇక్కడ పావంగుళం తేడా వస్తే వెనక్కి వెళ్లేసరికి కుట్టు పక్కకి పోతుంది, దూరంనుంచి ఎవరికైనా తెలిసిపోతుంది. తర్వాత సగం మడిచి, కప్పుకీ గుడ్డకీ రెండింటికీ ఎండవేడికి వదలని రకం జిగురు పూసి, వేలికి అంటుకోనంత ఆరేదాకా ఆగి, మధ్యనుంచి అంచులకి అరచేత్తో ఒత్తుకుంటూ పరిచాం. ఆ జిగురు ఒకసారి తగిలితే వదలదు, కాబట్టి గుడ్డ నేను పట్టుకుని పైకి లేపి ఉంచుతుంటే ఆయన కొంచెం కొంచెంగా దించుకుంటూ వచ్చాడు. చేతులు లాగేశాయి. ఎవరం మాట్లాడలేదు. మూలల్లో హీట్ గన్‌తో వేడి చేసి సాగదీసి, వాన గాడిలోకి నొక్కి, అద్దం గాడిలోకి మడిచి, మిగిలింది కోసేశాడు. వెనక స్తంభాల దగ్గర, కప్పు వంపు తిరిగి కిందికి దిగే చోట, ముడత రాకుండా చేయడం చూస్తే ఆ చేతులకి దణ్ణం పెట్టాలనిపించింది.

లోపలి పని ఎక్కువ రోజులు పట్టింది, నాకు ఎక్కువ నచ్చిందీ అదే. సీట్లు బోల్టులు విప్పి బయటికి తెచ్చి, హాగ్ రింగులు (కవరుని స్ప్రింగుల తీగకి పట్టి ఉంచే చిన్న తీగ రింగులు) ఒక్కొక్కటీ కత్తిరించి కవర్లు ఊడదీశాం. పాత కార్పెట్ లేపేసరికి ఒక కుటుంబం బయటపడింది. మా అక్క (బాబాయి కూతురు) చెవి దుద్దు ఒకటి, రెండోది ఎప్పుడో కరిగించేశారు. పిట్స్‌బర్గ్ గుడి కుంకం పొట్లం, కాగితం మెత్తబడి ఉన్నా లోపల రంగు తగ్గలేదు. లెక్కలేనన్ని పిన్నీసులు, పెన్నీలు, ఒక నయా పైసా. మా తాతగారు రాసిన ఏరోగ్రామ్ (విదేశాలకి రాసే మడత ఉత్తరం) చింపిన అంచు, లోపలి ఉత్తరం లేదు, పైన అడ్రసులో లాన్సింగ్ అన్న మాట మాత్రం ఆయన గుండ్రటి అక్షరాల్లో. బాబాయి దాన్ని జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

వెలూర్ దొరకడం కష్టమైంది. ఆ రంగు, ఆ నలిగినట్టుండే మెరుపు కొత్త గుడ్డల్లో రాదు. పెద్దాయనకి తెలిసినవాళ్ల దగ్గర ఆ కాలంలోనే నేసి అమ్ముడుపోని తాను ఒకటి దొరికింది, కానీ ముందు సీట్లకీ తలుపులకీ మాత్రమే సరిపోయేంత. అప్పుడు వెనక సీటు ఏం చేయాలన్నది చర్చ. తమ్ముడు దగ్గరి రంగుతో రెండూ కొత్తవి చేయిద్దామన్నాడు. వెనక సీటు గుడ్డ నిజానికి గట్టిగానే ఉంది, ఎండ తగిలింది తక్కువ. ఒకే లోపం, కుడివైపు అరచేతి వెడల్పున పసుపు మరక. పిట్స్‌బర్గ్ దారిలో టొలీడో దగ్గర బ్రేకు వేస్తే పులిహోర డబ్బా బోర్లాపడిన మరక. పిన్ని ఎన్నో రకాల సబ్బులతో రుద్దినా పోలేదు. నేను వెనక సీటు ముట్టుకోవద్దన్నాను. ఆ మరక లోపం కాదని నా వాదన, మన ఇళ్లల్లో పసుపు అంటని బట్ట ఏముంది? అక్క ఫోన్లో విని, మరక తీస్తే నేను ఆ కారెక్కను అంది. దాంతో చర్చ ముగిసింది. వెనక సీటు ఆవిరి పట్టి, బ్రష్ చేసి, కింద స్పాంజి మాత్రం మార్చాం.

ముందు సీట్లు నేను కుట్టాను. అడుగూ పైనా రెండూ కదిలే పాదం ఉన్న పెద్ద మిషను, మందం గుడ్డల్ని జరక్కుండా లాగుతుంది. పాత కవరుని కుట్టు కుట్టూ విప్పి, ఆ ముక్కల్నే నమూనాగా పెట్టి కత్తిరించాం. వెలూర్‌కి నూగు ఒకే దిక్కుకి ఉండాలి, ఒక ముక్క తిరగబడినా వెలుతురులో వేరే రంగులా కనిపిస్తుంది. స్ప్రింగుల మీద కొత్త గోనెపట్ట, దానిమీద స్పాంజి, పల్చగా దూది, దానిమీద కవరు. గుండీలు లోపలికి లాగి కట్టేటప్పుడు పెద్దాయన ఒకటే సలహా ఇచ్చాడు, అన్నీ ఒకే బిగువుతో లాగొద్దు, మధ్యవి కొంచెం ఎక్కువ, అంచువి తక్కువ, అప్పుడే కూర్చునే చోటు పిలిచినట్టుంటుంది అని. పైకప్పు గుడ్డకి అట్ట చట్రం అంతా గీకి కొత్త స్పాంజి గుడ్డ అతికించాం. కార్పెట్ కొత్తది, కింద జనపనార పరుపు కొత్తది. డాష్‌బోర్డు పగుళ్లకి పైన కప్పే తొడుగులు దొరుకుతాయి కానీ బాబాయి వద్దన్నాడు. పగుళ్లు పూడ్చి రంగు వేయించాం, దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

మరుసటి జూన్‌లో లాన్సింగ్‌లో ఏటా జరిగే ఓల్డ్స్‌మొబైల్ హోమ్‌కమింగ్‌కి తీసుకెళ్లాం. కొత్తదానికంటే కొత్తగా మెరిసే కార్లు చాలా వచ్చాయి. మా దాని దగ్గర ఆగినవాళ్లు ఎక్కువగా బాబాయి వయసు వాళ్లే. మా నాన్నకి ఇదే కారు ఉండేదని ఒకావిడ చెప్పి వెనక సీట్లో కూర్చుంటానంది. పిన్ని డబ్బాలోంచి పులిహోర తీసి పెట్టింది. ఆవిడ తిన్నంతసేపూ మా అక్క ఆ మరక వైపే చూస్తూ ఉంది.

వినైల్ టాపు ఉన్నవాళ్లకి నేను చెప్పేది కొంచెమే. నూనె లాంటి మెరుపు పాలిష్‌లు పూయకండి, మురికి పట్టి కుట్లలో చేరుతుంది. మెత్తటి బ్రష్, తేలికపాటి సబ్బు, తర్వాత ఎండ కిరణాల నుంచి కాపాడే పూత, అంతే చాలు. కవరు కప్పేముందు పూర్తిగా ఆరనివ్వండి. ఏడాదికోసారి వెనకద్దం కింద అంచులో వేలితో నొక్కి చూడండి, గట్టిగా ఉంటే సరే, కరకరమంటే వెంటనే విప్పించండి. పుట్టీ పూసి సరిపెడతామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

ఇంకా రెండు పనులు మిగిలాయి. డాష్‌బోర్డులో గడియారం ముల్లు కదలడం లేదు. ఎనిమిది ట్రాకుల టేపు ప్లేయర్ తిరుగుతోంది గానీ పాట ఒకదాని మీద ఒకటి వినిపిస్తోంది. బాబాయి దగ్గర స్నేహితులు రికార్డు చేసిచ్చిన పాత తెలుగు పాటల కార్ట్రిడ్జిలు నాలుగున్నాయి, వాటి లోపల టేపు నొక్కి పట్టే స్పాంజి కూడా పొడైపోయింది. అవి బాగుచేయడం తెలిసినవాళ్లు, లాన్సింగ్ డెట్రాయిట్ చుట్టుపక్కల అయితే మరీ మంచిది, ఎవరైనా ఉంటే చెప్పండి. కారు వేసుకుని మేమే వస్తాం, బాబాయి కూడా వస్తానంటున్నాడు.